గాలి దారి

‘‘ముప్పై ఏండ్లు ఫిజిక్స్ చెప్పినవు, గిన్నె సక్కగ పెట్టొస్తలేదా ఉమా?’’

ముందుగదిలో పేపరు చదువుతూ మా ఆయన అడిగిన మాట ఇది. అప్పుడు నేను వంటగట్టు ముందు నిలబడి, ఇండక్షన్ పొయ్యి మీద ఎర్రగా వెలిగి ఆరుతున్న ‘ఈ-5’ అనే గుర్తును చూస్తున్నాను. కందిపప్పు సగం ఉడికి ఆగిపోయింది. పొయ్యి ఒకసారి కూత పెట్టి తన పని తాను మానుకుంది. గిన్నె సరిగ్గా పెట్టకపోతే వచ్చే గుర్తు ఈ-0 అనీ, ఇది అది కాదనీ ఆయనకు చెప్పవచ్చు. చెబితే పేపరు దించి, ‘‘అదే అంటున్న, ఏదో ఒకటి తప్పు చేస్తున్నవు’’ అంటాడు. అందుకని చెప్పలేదు. పొయ్యి చల్లారేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టాను. పప్పు తెర్లి మరగడం మొదలవగానే మళ్లీ అదే కూత, అదే గుర్తు.

ఈ పొయ్యి నేను కోరి కొనుక్కున్నది. ఎల్లారెడ్డి బాలికల పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి, పదవీ విరమణ చేసి, కామారెడ్డిలోని ఈ ఇంట్లోనే పొద్దంతా ఉండటం మొదలైన తర్వాత నాకోసం నేను కొనుక్కున్న మొదటి వస్తువు. మంట ముందు నిలబడితే ఆయాసం వస్తున్నదన్నది అందరికీ చెప్పిన కారణం. చెప్పని కారణం మరొకటి ఉంది. తీగచుట్టలో విద్యుత్తు దిశ మారుతుంటే పక్కనున్న లోహంలో ప్రవాహాలు పుడతాయనీ, ఆ లోహం తనంత తానే వేడెక్కుతుందనీ ఏళ్ల తరబడి నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని. ఆ బొమ్మ మీద ఒకసారి అన్నం వండుకోవాలని కోరిక. పాత గ్యాసు పొయ్యిని ఎవరికో ఇచ్చేశాను. ఖాళీ బండ మెట్ల కిందికి పోయింది. మా అత్తగారు భూదవ్వ మొదటిరోజు వంటింట్లోకి వచ్చి, గాజు పలక మీద నీళ్లు మరుగుతుంటే చాలాసేపు చూసి, ‘‘అగ్గి కనవడకుంట ఉడికిస్తున్నది, ఇది దొంగ పొయ్యి బిడ్డా’’ అని నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. అగ్ని కనబడని వంటిల్లు ఏదోగా ఉందన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం నాకు వింతగా తోచింది కానీ, దాన్ని పట్టించుకోలేదు.

పొయ్యితో వచ్చిన చిన్న పుస్తకాన్ని నేను పాఠ్యపుస్తకం చదివినట్టు చదివాను. ఈ-0 అంటే గిన్నె లేదు, లేదా ఇనుము లేని గిన్నె పెట్టారు. ఈ-3 అంటే కరెంటు ఒత్తిడి ఎక్కువైంది, ఈ-4 అంటే తగ్గింది. ఈ-5 అంటే లోపలి భాగాలు మితిమీరి వేడెక్కాయి, గాలి వచ్చే దారి మూసుకుపోయిందేమో చూడండి. అన్నీ సూటి మాటలు. తనకేమైందో తానే చెప్పుకునే ప్రాణి ఆ వంటింట్లోకి రావడం అదే మొదటిసారి అనిపించింది.

మా ఆయన పేరు తిరుపతి. తాడ్వాయి నుంచి బాన్సువాడ దాకా అందరికీ తిరుపతి సార్. సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు, హేతువాద మిత్రమండలి అధ్యక్షుడు. మంత్రాలు లేకుండా, ముహూర్తం లేకుండా, రెండు దండలతో మా పెళ్లి జరిగింది. ఆ పెళ్లికి మా అమ్మ రాలేదు. తాళి లేని పిల్లను ఇంట్లోకి ఎట్లా పిలవాలో తెలియక ఆమె చాలాకాలం పిలవనే లేదు. నేను చింతించలేదు. నమ్మినదానికి ఎంతో కొంత చెల్లించాలని ఆయన అనేవాడు, నేను చెల్లించాను. ఊళ్లలో మిత్రమండలి ప్రదర్శనలు జరిగేవి. బాబాల మహిమలను విప్పి చూపించడం మా కార్యక్రమం. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారాలంటే కత్తికి మిథైల్ ఆరెంజ్ పూసి ఆరబెట్టాలి. మంత్రానికి హోమం అంటుకోవాలంటే పర్మాంగనేట్‌ను పొడిచేసి, నెయ్యి గిన్నెలో గ్లిజరిన్ పోసి పెట్టాలి. ఎంత పొడి, ఎంత ద్రవం, ఎంతసేపటికి మంట అన్నది నా లెక్క. పూసేదీ, నూరేదీ, మూటలు కట్టేదీ నేను, ఈ వంటింట్లోనే. వేదిక మీద కోసేది ఆయన. తెర వెనక నిలబడి వరసగా ఒక్కొక్కటి అందించేదాన్ని. చప్పట్లు తెర ఇవతలికి కూడా బాగానే వినిపించేవి. ఆదివారాలు మిత్రులు మా ముందుగదిలో కూర్చొని స్త్రీ సమానత్వం మీద చర్చలు చేసేవారు. చర్చ వేడెక్కినప్పుడల్లా ఆయన గొంతు లోపలికి వచ్చేది: ‘‘ఉమా, ఇంకింత చాయ్.’’

ఈ ఇంట్లో దేవుడి పటం లేదు. భూదవ్వ తన ఊరి నుంచి తెచ్చుకున్న ఎల్లమ్మ పటాన్ని, వచ్చిన రోజే ఆయన సందుగ పెట్టెలో పెట్టించాడు. తిరుపతి సార్ ఇంట్లో పటం ఉంటే నలుగురూ ఏమంటారన్నాడు. అప్పటి నుంచి సందుగ మీద రోజూ ఒక పువ్వు కనిపించేది.

రిటైరయిన తర్వాత వారంలో కొన్ని రోజులు నేను మళ్లీ ఎల్లారెడ్డికి వెళ్లడం మొదలుపెట్టాను. నేను పనిచేసిన బడికి కాదు, దాని పక్కనున్న ఆడపిల్లల హాస్టలు బడికి. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు అనిల ఒకప్పుడు నా విద్యార్థిని. ప్రయోగశాలలో సామాను ఉంది, తాళం తీసేవాళ్లు లేరు మేడమ్ అంది. వెళ్లి తాళం తీశాను. మిత్రమండలి ప్రదర్శనలోని మహిమలన్నీ అక్కడి పిల్లలకు నేర్పాను. నిమ్మకాయలు ఇప్పుడు పిల్లలే కోస్తారు, ఎందుకు ఎర్రబడిందో వాళ్లే చెబుతారు. పోయిన ఏడు వాళ్లు లింగంపేటలో ప్రదర్శన ఇస్తే జనం నిలబడి చూశారు. ఆ సంగతి పేపరులో వచ్చింది. తిరుపతి సార్ పేరు అందులో లేదు. ఆ పేపరును ఆయన చాలాసేపు చదివి, మడిచి, ‘‘ఫ్రీ బస్సు పెట్టినంక ఆడోళ్లకు ఇంట్ల కాలు నిలుస్తలేదు’’ అన్నాడు. హాస్యానికన్నాడనుకొని నవ్వాను. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకొని కిటికీ పక్కన కూర్చుంటే, తాడ్వాయి దాటగానే నా ఛాతీలో ఆయాసం ఎటు పోయేదో తెలియదు. దాన్ని కొలిచే పరికరం నా దగ్గర లేదు కనుక సిద్ధాంతం చేయను.

పోయిన బతుకమ్మ పండుగ తర్వాత మా ఇంట్లో రెండు మంచి సంగతులు జరిగాయి. ఒకటి, నేను బస్సుకు వెళ్లే చెప్పుల పట్టీ తెగింది. చెప్పులు చేత పట్టుకొని నేను బయల్దేరబోతే, ‘‘నువ్వెందుకు, నేను కుట్టిచ్చుకొస్త’’ అని ఆయనే తీసుకెళ్లి, పాత పట్టీ తీయించి కొత్తది వేయించి తెచ్చాడు. రెండు, వంటగట్టు తుడిచే పని ఆయన తన మీద వేసుకున్నాడు. నా కుడిభుజం పట్టేసి చాలాకాలమైంది, బరువు ఎత్తలేను. ‘‘నువ్వు పొయ్యి లేపకు, దాని కింద నేను తుడుస్త’’ అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంటి పనిలో ఆయన అడిగి చేసిన పని అదొక్కటే. పొద్దున్నే తడిగుడ్డతో గట్టు తుడుస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. సమానత్వం ఆలస్యంగా వచ్చినా వచ్చింది కదా అనుకున్నాను. బస్సులో పక్కనున్నవాళ్లకు కూడా చెప్పుకున్నాను.

పొయ్యి ఈ-5 చూపించడం ఆ రోజుల్లోనే మొదలైంది. మూడు సంఘటనలు ఒకే కాలంలో జరిగితే వాటి మధ్య సంబంధం ఉందేమో వెతకాలని పిల్లలకు చెప్పినదాన్ని నేనే. కానీ ప్రేమను చరరాశిగా తీసుకోవాలని నాకు ఎవరూ నేర్పలేదు.

నాకు తెలిసిన పద్ధతిలో వెతికాను. ఒకసారికి ఒకటే మార్చాలి, మిగిలినవి కదపకూడదు. గిన్నె మార్చాను. కుక్కర్ పెట్టాను, పెనం పెట్టాను. అదే గుర్తు. ప్లగ్గు మార్చాను, అదే గుర్తు. పొలాల మోటార్లు నడవని మధ్యాహ్నం వేళ వండి చూశాను, అదే గుర్తు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. గాలి దారి కింద ఉంటుంది కనుక కింద ఏమైనా ఉందా అని ఆయనను అడిగాను. ‘‘రోజు తుడుస్తున్న కద, ఏముంటది?’’ అన్నాడు. రోజూ తుడిచే మనిషి మాట కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది? కారణాల జాబితాలో ఆ పంక్తిని కొట్టేశాను.

ఆయన పొయ్యిని సంచిలో పెట్టుకొని స్టేషన్ రోడ్డులో మరమ్మతు చేసే అబ్రాహాము దగ్గరికి తీసుకెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, అందరూ వినేటట్టు చెప్పాడు. అబ్రాహాము గంజు గిన్నె నిండా నీళ్లు పెట్టి తెర్లబెట్టాడట, మిషన్‌లో ఏ దోషమూ లేదన్నాడట. మర్నాడు నేను పప్పు పెట్టాను, ఈ-5 వచ్చింది. మరోసారి తీసుకెళ్లాడు. అక్కడ మళ్లీ మంచిగానే నడిచిందట. ఇంటికి తెచ్చి గట్టు మీద పెట్టాడు, నేను ముట్టుకోగానే ఆగింది. ‘‘అబ్రాహాము చేతుల నడుస్తది, నీ చేతుల నడవది. ఇగ నేను చెప్పేదేముంది?’’ అన్నాడు.

అప్పటి నుంచి నా మీద ఒక పరిశోధన మొదలైంది. ఉప్పు డబ్బా తెరిచి ఉంటే దాన్ని చూపించేవాడు. కళ్లద్దాలు వెతుక్కుంటే పేపరు దించి చూసేవాడు. హైదరాబాదులో ఉండే మా కొడుకు సంతోష్ ఫోను చేసి, ఎటో తిప్పి తిప్పి, ‘‘అమ్మా, బాపు చెప్పిండు. వయసుల అందరికి అయితది, ఒక్కసారి డాక్టర్‌కు చూపిచ్చుకుందాం’’ అన్నాడు. నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. పొయ్యి ఆగిపోవడం గురించి నా కొడుకు నా మెదడును అడుగుతున్నాడు. ఆ రోజు నుంచి నేను నన్ను పరీక్షించుకోవడం మొదలుపెట్టాను. కూరగాయలు తరుగుతూ ఆవర్తన పట్టికను చివరి నుంచి మొదటికి చదివేదాన్ని. తప్పు పోయేది కాదు. అయినా పొయ్యి ముందుకు వచ్చేసరికి ప్రతిదీ మళ్లీ మళ్లీ చూసుకునేదాన్ని. మీట నొక్కానా, నొక్కాననుకుంటున్నానా? గిన్నె అడుగు తుడిచానా? పిల్లలకు నేను నేర్పిన మొదటి పాఠం, మీ కన్ను చూసినదాన్ని మీరు నమ్మండి అని. ఆ పాఠం నాలో సడలుతున్నది. మంట ముందు నిలబడితే వచ్చే ఆయాసం ఇప్పుడు మంట లేకుండానే వస్తున్నది.

ఒకనాడు అన్నం దగ్గర ఆయన తీర్పు చెప్పాడు. గ్యాసు మళ్లీ పెట్టించాలి, నేను ఎల్లారెడ్డి మానుకోవాలి. ‘‘పొయ్యి పెట్టి మరిచిపోయి బస్సెక్కుతవు. అమ్మ ఒక్కతే ఉంటది ఇంట్ల. ఏమన్న అయితే ఎవరు జిమ్మేదార్?’’ అన్నాడు. ఆలోచిస్తానన్నాను. నా ఆలోచన కోసం ఆయన ఆగలేదని అనిల ఫోను చేసినప్పుడు తెలిసింది. ‘‘మేడమ్, పానం ఎట్లున్నది? మీకు మతిల ఉంటలేదంట, సోమవారం నుంచి రారని సార్ చెప్పిండు. పిల్లలు ఏడుస్తున్నరు,’’ అంది. ఆమె గొంతులో జాలి ఉంది. నా విద్యార్థిని నా మీద జాలిపడటం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

ఆ శనివారం ఆయనకు బాన్సువాడలో ఉపన్యాసం ఉంది. తెల్ల చొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ గట్టు తుడిచి వెళ్లాడు. నేను పప్పు పెట్టాను. కాసేపటికి ఈ-5 కూత పెట్టింది. ఈసారి నేను నా చేతుల వంక చూడలేదు. బల్ల ముందు కూర్చున్నట్టు కూర్చొని, ఎనిమిదో తరగతి పిల్లకు చెప్పినట్టు నాకు నేను చెప్పుకున్నాను. అదే పొయ్యి, అదే కరెంటు, అవే నీళ్లు. అబ్రాహాము దుకాణంలో నడుస్తుంది, ఇక్కడ నడవదు. మారింది రెండే. ఒకటి నేను, రెండు చోటు. నన్ను వాళ్లందరూ పరీక్షించారు. చోటును ఎవరూ పరీక్షించలేదు.

పప్పు గిన్నె దించాను. భూదవ్వను పిలిచి, ఒక పక్క పట్టుకో అత్తమ్మా, పొయ్యి లేపుదాం అన్నాను. ఆమె చేతులు చీర కొంగులో దాచుకుంది. ‘‘వద్దు బిడ్డా. వాడొచ్చినంక వాడే లేపుతడు,’’ అంది. ఆమె కళ్లు నా కళ్లను తప్పించుకోవడం చూశాక నేను ఇంకోసారి అడగలేదు. ఎడమచేత్తో, పట్టేసిన కుడిచేత్తో కలిపి పొయ్యిని ఒరగబెట్టాను. భుజంలో మెరుపు లేచినట్టయింది. చల్లబరిచే ఫ్యాను లోపల ఇంకా తిరుగుతూనే ఉంది. దాని కింది జాలీకి ఒక పసుపు గుడ్డ గబ్బిలంలా అతుక్కొని వేలాడుతున్నది.

ఫ్యాను ఆగగానే గుడ్డ జారి గట్టు మీద పడింది. ముడి విప్పాను. ఒక రూపాయి బిళ్ల, గుప్పెడైనా లేని పసుపు బియ్యం, వేలెడంత పొడవున్న గోధుమరంగు తోలు ముక్క. తోలు ముక్కను తిప్పి చూశాను. దాని అంచున రెండు తెల్ల కుట్లు ఉన్నాయి. అవి ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నేను ఎండలో నిలబడి వేయించుకున్న కుట్లు. అది నా చెప్పుల పాత పట్టీ.

ఇది ముడుపు అని నాకు తెలుసు. కోరిక ఏదో చెప్పుకొని పసుపు గుడ్డలో బిళ్ల కట్టి దాచుతారు, తీరితే గుడికి తీసుకెళ్లి చెల్లిస్తారు. మా ప్రదర్శనల్లో ముడుపుల మీద ఒక భాగమే ఉండేది. మొదట నా అనుమానం భూదవ్వ మీదికే పోయింది. ఆ ఇంట్లో నమ్మకం ఉన్న మనిషి ఆమె ఒక్కతే కదా. నా చూపు అర్థమై ఆమె గోడకు ఆనుకుంది.

‘‘నేను కాదు బిడ్డా. నా ఎల్లమ్మనే సందుగల పెట్టిచ్చిండు, నాకేడికెల్లి వస్తయి ముడుపులు? నా కొడుకే నస్రుల్లాబాద్ దిక్కు ఎవన్నో అడిగొచ్చిండు. పొయ్యికింద పెడ్తుంటే చూసిన. అమ్మా, ఉమకు చెప్పకు అన్నడు. నోరు మూసుకున్న.’’ ఆమె దగ్గరికి వచ్చి తోలు ముక్కను చూసింది. ముఖం మారిపోయింది. ‘‘థూ. చెప్పు తోలా? వండుకొని తినే పొయ్యికింద చెప్పు తోలు పెట్టిండా? గీన్ని సదువుకున్నోడని ఊరంత దండం పెడ్తున్నరు.’’

ఏమని మొక్కాడని అడిగాను.  నేను గుడ్డ పట్టుకొని అట్లాగే నిలబడ్డాను.

‘‘నీ కాలు ఇంట్ల నిలవాలని,’’ అంది.

నేను ఏడుస్తానని ఆమె అనుకున్నట్టుంది. నేను పొయ్యిని గట్టు మీద పెట్టి, కింద ఏమీ లేకుండా, పప్పు గిన్నె ఎక్కించాను. పప్పు మెత్తగా ఉడికింది. దించి, నీళ్లు పెట్టి, గుడ్డను పొయ్యి కిందికి తోశాను. ఫ్యాను గుడ్డను పైకి లాక్కున్న చిన్న చప్పుడు ఈసారి వినిపించింది. నీళ్లు తెర్లాయి, ఈ-5 వచ్చింది. గుడ్డ తీసి మళ్లీ, పెట్టి మళ్లీ. ఒక్కసారి జరిగితే యాదృచ్ఛికం కావచ్చు. శాస్త్రం మరికొన్నిసార్లు అడుగుతుంది. అడిగినన్నిసార్లు చేశాను. ఆ వంటింట్లో నేను చేసిన ప్రయోగాలన్నిటిలో వేదిక ఎక్కనిది ఇదొక్కటే. చూసింది భూదవ్వ మాత్రమే. ఆమె పీట మీద కూర్చొని, ప్రతిసారీ గుర్తు రాగానే తల ఊపింది.

ఆలోచించేకొద్దీ ఒక సంగతి నన్ను ఎక్కువ కుదిపింది. ముడుపు పనిచేసింది. దేవుడి వల్ల కాదు, గాలి దారి మూసుకుపోవడం వల్ల. పొయ్యి ఆగింది, పొయ్యి ఆగినందుకు నా మతి పోయిందన్నారు, మతి పోయినందుకు బస్సు ఆగింది. నా కాలు ఇంట్లో నిలిచింది. ఇంత సూటిగా తీరిన మొక్కును నేను ఎక్కడా వినలేదు. ఇక ఆయన చేసిన ఆ రెండు మంచి పనులు. చెప్పులు కుట్టించుకొస్తానన్నది పట్టీ కోసం. గట్టు తుడుస్తానన్నది గుడ్డ నా కంట పడకుండా ఉండటం కోసం. గుమ్మంలో నిలబడి మురిసిపోయి చూసిన ఆ పొద్దులన్నీ ఒక్కొక్కటీ వెనక్కి వచ్చి నా ముఖం మీద కొట్టాయి.

సాయంత్రం ఆయన భుజాన శాలువాతో, చేతిలో జ్ఞాపికతో వచ్చాడు. సభ బాగా జరిగిందనీ, నిమ్మకాయ ముచ్చటకు జనం మస్తు చప్పట్లు కొట్టారనీ చెబుతూ వంటింట్లోకి వచ్చి ఆగిపోయాడు. గట్టు మీద పసుపు గుడ్డ విప్పి ఉంది. దాని పక్కన తోలు ముక్క.

‘‘అమ్మ పెట్టి ఉంటది,’’ అన్నాడు.

భూదవ్వ గుమ్మంలోనే ఉంది. ఆయన ఆమెను గమనించలేదు. ‘‘నా పేరు పెట్టకుర తిరుపతి,’’ అంది మెల్లగా. ‘‘నా దేవుణ్ణి దాసుమంటె దాసిన. నీ ముడుపును నెత్తిన పెట్టుకోను.’’

ఆయన శాలువా తీసి కుర్చీ మీద వేశాడు. తర్వాత, సభల్లో ప్రశ్నలకు జవాబు చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు. నమ్మి చేయలేదన్నాడు. పొద్దంతా ఇల్లు ఖాళీగా ఉంటే మనసు ఒక తీరుగా ఉండటం లేదన్నాడు. ఎవరో చెప్పారు, పెడితే పోయేదేముంది అనుకున్నానన్నాడు. ఇదే మాట ఊళ్లలో జనం మాతో అనేవారు. అప్పుడు ఆయన వాళ్లకు ఏం చెప్పేవాడో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. చెప్పలేదు. నాకు కావలసిన జవాబు అది కాదు.

‘‘అబ్రాహాము దగ్గరికి తీసుకపోయినప్పుడు గుడ్డ తీసిన్రు. అక్కడ నడిచింది. ఇంటికి తెచ్చి గుడ్డ పెట్టిన్రు, ఆగింది. ఇంకోసారి తీసుకపోయిన్రు, మళ్ల అట్లనే అయింది. మీకు తెల్వలేదా?’’ అని అడిగాను.

ఆయన తోలు ముక్క వైపు చూశాడు. ‘‘రెండోసారికి సమజయింది,’’ అన్నాడు.

‘‘మరి ఎందుకు చెప్పలేదు?’’

‘‘చెప్తే నువ్వు ఆగవు కద ఉమా.’’

ఆ మాటలో మోసం కూడా లేదు. అంత శుద్ధమైన నిజం ఆ ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు. ప్రయోగం ఆయనా చేశాడు, ఫలితం ఆయనా చూశాడు, నిర్ధారణ మాత్రం నా మీద రాశాడు. మూఢనమ్మకం ఒక మనిషిలో చివరి వయసులో పుట్టడం నాకు ఆశ్చర్యం కాదు. భయం ఉన్నచోట అది పుడుతుంది, దాన్ని నేను జబ్బును చూసినట్టు చూడగలను. కానీ ఆ గుడ్డలో ఆయన కట్టింది నమ్మకాన్ని కాదు, కోరికను. దండలు మార్చుకున్న నాడు కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. ఉద్యోగానికి కాక నాకోసం నేను బయటికి పోనన్ని రోజులూ దానికి ముడి వేయవలసిన అవసరం రాలేదు, అంతే.

సోమవారం పొద్దున పొయ్యిని చీరలో చుట్టి సంచిలో పెట్టాను. ముందే అనిలకు ఫోను చేసి, నా మతికి ఏమీ కాలేదనీ, హాస్టలులో ఖాళీగా ఉన్న టీచరు గదిని తుడిపించమనీ, వారమంతా అక్కడే ఉంటాననీ చెప్పాను. సంతోష్‌కు కూడా చెప్పాను.  ‘‘నేను నిన్ను అడగాల్సి ఉండె అమ్మా,’’ అన్నాడు. అవును, అడగాల్సి ఉండె అన్నాను.

భూదవ్వను నాతో రమ్మన్నాను. ‘‘నేనెందుకు? నాకు వండుకొని తినొస్తది. వానికే రాదు,’’ అంది. అయితే నీకేం కావాలి అత్తమ్మా అని అడిగాను. ఆమె సందుగ వైపు చూసింది. నేను దేవుణ్ణి నమ్మను. ఎల్లమ్మను కూడా నమ్మను. కానీ ముందుగదిలో, తిరుపతి సార్ జ్ఞాపికల బీరువా పక్కన, గోడకు మేకు నేనే కొట్టాను. సుత్తి దెబ్బకు భుజం గుంజింది. ఆమె పటాన్ని చీర కొంగుతో తుడిచి తగిలించింది. 

గుమ్మం దిగుతుంటే, పొయ్యి తీసుకపోతే మేం ఏం తినాలన్నాడు. గ్యాసు తెస్తమన్నరు కదా అన్నాను. పసుపు గుడ్డను మళ్లీ ముడివేసి, వంటగట్టు మీద ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టి వచ్చాను. ఇప్పుడు దాని మీద ఏ బరువూ లేదు.

ఆ మధ్యాహ్నం ఎల్లారెడ్డి ప్రయోగశాలలో బల్ల మీద పొయ్యి పెట్టి, నీళ్లు పోసి, నా చేతిరుమాలును దాని కిందికి తోశాను. పిల్లలు చుట్టూ మూగారు. కూత వినిపించగానే ఈ-5 అని అందరూ ఒక్కసారి చదివారు. కారణం చెప్పమన్నాను. గిన్నె అన్నారు, కరెంటు అన్నారు, పొయ్యి పాతదన్నారు. ఒక్కొక్కటీ మార్చి చూసుకున్నారు. చివరికి మనోజ్ఞ అనే పిల్ల బల్ల మీద చెంప ఆనించి కిందికి చూసి, రుమాలు లాగింది. నీళ్లు తెర్లాయి. మీ ఇంట్లో కూడా ఇట్లాగే అయిందా మేడమ్ అని ఆ పిల్ల అడిగింది. అయిందన్నాను.

‘‘గుడ్డ ఎవరు పెట్టిన్రు?’’

అంతవరకు నా పని తెర వెనక నిలబడి, ఎవరు తయారుచేశారో తెలియకుండా అందించడం. పిల్లలు కలాలు పట్టుకొని నా వైపు చూస్తున్నారు.

‘‘మా ఇంటాయన,’’ అన్నాను. ‘‘ఇప్పుడు నిర్ధారణ రాసుకోండి. పొయ్యిల ఏ లోపమూ లేదు.’’